నంబరు నోటితో చెప్పాలి

ఈ సంగతిని ఇప్పుడు కాగితం మీద పెట్టడానికి తగిన కారణం ఉంది. ఖరగ్‌పూర్ తెలుగు కుటుంబాలవారు ఏ పెళ్ళిలో కలుసుకున్నా, ఏ పంక్తిలో కూర్చున్నా ఒక కథ చెప్పుకుంటున్నారని నా పూర్వ విద్యార్థులు చెబుతున్నారు. అప్పలనరసమ్మ మీద పెద్దలు వేసిన వెలిని సోషల్ మాస్టారు ఒక్క పాఠంతో ఎగరగొట్టాడన్నది ఆ కథ. ఆ సోషల్ మాస్టారిని నేనే. ఆ కథ తప్పు. ముప్పై ఏళ్ళు పిల్లలకు చరిత్ర చెప్పినవాడు తన గురించి పుట్టిన తప్పు చరిత్రను చూస్తూ ఊరుకోకూడదు. జరిగినది జరిగిన వరుసలో చెబుతాను.

అది 1987వ సంవత్సరం. ఖరగ్‌పూర్‌లో రైల్వే ఉద్యోగుల పిల్లల కోసం నడిచే ఒక తెలుగు మీడియం హైస్కూల్లో చరిత్ర, భూగోళం చెప్పేవాణ్ణి. మా విద్యార్థుల తాతలు బ్రిటిషువారి కాలంలో శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి రైల్వే కార్ఖానా పనికి వచ్చినవారు. పిల్లలు ఇంట్లో ఆ ప్రాంతపు తెలుగు, వీధిలో హిందీ, బజారులో బెంగాలీ మాట్లాడేవారు. నా క్లాసులో మాత్రం పుస్తకంలోని తెలుగే మాట్లాడాలని నియమం. ఆ నియమం ఎన్నడూ పూర్తిగా అమలు కాలేదు గానీ, నేను ఎన్నడూ దాన్ని ఎత్తివేయలేదు.

నాకు మరో నియమం కూడా ఉండేది. అందరూ రోల్ నంబరు ప్రకారం కూర్చోవాలి. స్నేహాలనుబట్టి, వీధులనుబట్టి బెంచీలు పంచుకోవడం నేను ఒప్పుకోలేదు. రోల్ కాల్, అంటే హాజరు పిలిచేటప్పుడు, ప్రతి ఒక్కరూ లేచి నిలబడి, నోరు తెరిచి జవాబు చెప్పాలి. చెయ్యి ఎత్తితే చాలదు. ఈ రెండు నియమాలనూ పాఠకులు గుర్తుంచుకోవాలని మనవి.

శనివారం చివరి పీరియడ్‌లో సిలబస్ పక్కన పెట్టి పదో తరగతికి మాటల చరిత్ర చెప్పేవాణ్ణి. రైల్వే పిల్లల నాలుకల మీద ఆడే ఇంగ్లీషు మాటలు ఎక్కడ పుట్టాయో, వాటి వెనుక బ్రిటన్‌లోనో ఐర్లాండులోనో ఏ జనం ఏ కష్టం పడ్డారో చెప్పడం ఆ పీరియడ్ ఉద్దేశం. స్ట్రైకు అన్న మాట పుట్టుక చెప్పినప్పుడు, లండన్ రేవులో జీతాల కోసం ఓడల తెరచాపలు దించేసిన నావికుల సంగతి చెప్పాను. తెరచాపను దించడాన్ని వాళ్ళ భాషలో స్ట్రైక్ అంటారు. లాకౌట్ గురించి చెప్పినప్పుడు, యూనియన్ వదిలేస్తామని సంతకం పెట్టనందుకు డబ్లిన్ నగరంలో వాకిలి బయట నిలబడిపోయిన పనివాళ్ళను చూపించాను. రైల్వే టైము పాఠం పిల్లలకు అన్నిటికన్నా నచ్చింది. రైళ్ళు రాకముందు అక్కడ ఊరికొక కాలం ఉండేదనీ, బ్రిస్టల్ పట్టణంలో ఒక గడియారానికి తన ఊరి కాలానికొకటి, లండన్ కాలానికొకటి చొప్పున రెండు నిమిషాల ముళ్ళు పెట్టారనీ చెబితే, ఒకడు లేచి, "మరి బడికి లేటయితే ఏ ముల్లు సూస్తారండీ మాస్టారూ?" అన్నాడు. వాణ్ణి కూర్చోమన్నాను.

ఆ వరుసలో ఒక శనివారం బాయ్‌కాట్ అన్న మాట వచ్చింది.

పాఠం ఇది. 1880లో ఐర్లాండు పడమటి ప్రాంతంలో పంటలు పోయాయి. కౌలురైతులు శిస్తు తగ్గించమని అడిగారు. భూస్వామి తరఫున వసూళ్ళు చూసే ఏజెంటు ఒప్పుకోకపోగా, వాళ్ళను ఇళ్ళలోంచి, పొలాల్లోంచి వెళ్ళగొట్టడానికి నోటీసులు పంపించాడు. రైతులు అతన్ని కొట్టలేదు. వదిలేశారు. కూలీలు పొలం వదిలారు, కమ్మరి గుర్రపు లాడాలు వేయడం మానాడు, చాకలామె బట్టలు ఉతకడం మానింది, అంగడివాడు సరుకు అమ్మడం మానాడు. చివరికి వేరే ప్రాంతం నుంచి మనుషులను రప్పించి, చుట్టూ సైనికులను నిలబెట్టి పంట తీయించవలసి వచ్చింది. పంట విలువకన్నా కాపలా ఖర్చు ఎన్నో రెట్లు ఎక్కువైంది. ఆ ఏజెంటు ఇంటిపేరే ఆ పనికి పేరైపోయింది. పుస్తకాల్లోని పెద్ద మాట చెబితే రైతులకు తెలియదు గనుక, అతని పేరునే మాటగా వాడదామని అక్కడి చర్చి గురువు ఒకాయన సూచించాడని చెబుతారు.

నిఘంటువులో దానికి బహిష్కారం అని ఉంది. బోర్డు మీద రాశాను. పిల్లల ముఖాల్లో ఏమీ కదలలేదు. ఆ గురువుగారి దారిలోనే నేనూ నడిచి, దాని పక్కన పిల్లలకు తెలిసిన మాట రాశాను. వెలి.

క్లాసు ఒక్కసారిగా మేలుకుంది. కానీ అది పాఠం అర్థమైన పిల్లల మెలకువ కాదు. తలలన్నీ ఒకే వైపు తిరిగి, వెంటనే వెనక్కి తిరిగాయి. వాళ్ళు చూసిన వైపు నూకరత్నం కూర్చుని ఉంది. ఆమె లేచి నిలబడింది.

"ఒక డౌటండి, మాస్టారూ."

"అడుగు."

"వెలంటే మాకు సేసినదే గదండీ. మరి మా అమ్మ ఎవలి పొలం లాక్కున్నాదండీ?"

నేను జవాబు చెప్పేలోపు మరో బెంచీ నుంచి ఈశ్వరరావు లేచాడు. "ఐర్లాండులో సేస్తే రైటు, మన కాలనీలో సేస్తే తప్పెలాగవుతాదండీ, మాస్టారూ? మీరే గదా వాల్లు గెలిచినారని సెప్పినారు?"

లెసన్ ప్లాన్ లేని ప్రశ్నకు నేను జవాబు చెప్పను. ఏ ప్రశ్న వస్తుందో, ఏ ఆధారంతో జవాబు చెప్పాలో ముందుగా రాసుకునే కాగితాన్ని లెసన్ ప్లాన్ అంటారు. ఇద్దరి ప్రశ్నలూ బోర్డు మీద రాయించి, "వచ్చే శనివారం జవాబు" అని చెప్పి, గంట కొట్టాక నూకరత్నాన్ని స్టాఫ్ రూముకు పిలిపించాను.

ఆమె చెప్పినది ఇది. తండ్రి కార్ఖానాలో పని చేస్తూ జబ్బుచేసి పోయాడు. అలా పోయిన ఉద్యోగి కుటుంబంలో ఒకరికి రైల్వే ఉద్యోగం ఇస్తుంది. దాన్ని తన మరిది పేర రాసివ్వమని పెద్దలు రత్నం తల్లి అప్పలనరసమ్మతో చెప్పారు. ఆమె వినకుండా తానే చేరింది. కార్ఖానా టూల్ రూములో, అంటే పనిముట్లు భద్రపరిచి పనివాళ్ళకు అందించే గదిలో, ఖలాసీగా, అంటే సహాయకురాలిగా వేశారు. ఆనాటి నుంచి ఆ ఇంటికి వెలి. వాళ్ళ కులంవారు ఎవ్వరూ ఆ ఇంటివాళ్ళతో మాట్లాడకూడదు, వాళ్ళ చేతి నుంచి ఏదీ పుచ్చుకోకూడదు. కుళాయి దగ్గర నరసమ్మ బిందె పెడితే మిగతా బిందెలు పక్కకు జరిగేవి. కాలనీలో అమ్మవారికి చేసే మాతాపూజ ప్రసాదం పళ్ళెం వాళ్ళ గుమ్మాన్ని దాటి వెళ్ళిపోయేది. మాట్లాడినవాళ్ళకూ అదే శిక్ష.

"మరి క్లాసులో నీ పక్కన అందరూ కూర్చుంటూనే ఉన్నారే?"

"మీ నంబర్ల వల్లండి. మీ క్లాసులో నంబరు పెకారం కూకోవాల గదా. బెంగాలీ మాస్టారి క్లాసులో నా బెంచీ మీద నానొక్కదాన్నే."

అప్పుడు అసలు సంగతి చెప్పింది. తల్లి విసిగిపోయింది. ఉద్యోగం వదిలేసి సోంపేట దగ్గర పుట్టింటికి పోదామంటోంది. వెళితే రత్నం ఆ ఏడు పబ్లిక్ పరీక్ష రాయదు. ఆ పిల్ల చదువుకు అదే ముగింపు అవుతుందని నాకు తెలుసు, ఆమెకూ తెలుసు.

ఆదివారం ఉదయం కులపెద్ద సూర్యనారాయణగారి ఇంటికి వెళ్ళాను. ఈశ్వరరావు ఆయన కొడుకే. సూర్యనారాయణగారు కార్ఖానాలో చార్జ్‌మన్, అంటే ఒక జట్టు పనివాళ్ళ మీద అధికారి. ఊళ్ళోని మలంచా ప్రాంతంలో సొంత ఇల్లు కట్టుకున్నారు. గొప్ప యూనియన్ మనిషి. ఆదరంగానే కుర్చీ వేశారు.

"కూకోండి మాస్టారూ. మా ఈసర్రావు లెక్కల్లో తప్పినాడా, హిస్టరీలోనా?"

"ఈశ్వరరావు మంచి ప్రశ్న వేశాడు. దానికి జవాబు కోసం వచ్చాను."

సంగతి చెప్పాను. ఆయన ముఖం బిగిసింది. "ఇస్కూలు మాట ఇస్కూల్లో ఉంచండి. సంఘం సంగతి సంఘం సూసుకుంటాది. ఆడదాయి కార్ఖానాలో రించీలు, పానాలు మోస్తే మా పరువేటవ్వాల? మరిదిగాడు ఉన్నాడు, ఆడికిచ్చుంటే ఇల్లంతా బతికేది గదా?"

"ఆమె వదిలేస్తే ఆ ఉద్యోగం మరిదికి రాదు. ఒకసారి చేరిన తరువాత అది చేతులు మారదు. ఎవరికీ రాకుండా పోతుంది."

"పోతే పోనీండి," అన్నారాయన. "మాట నెగ్గాల."

నాకు కావలసినది ఆ జవాబులో దొరికింది. అయినా అడిగాను. "మీరు స్ట్రైకు రోజుల్లో ఆఫీసర్లను బాయ్‌కాట్ చేశామని గర్వంగా చెబుతారు. ఎదురుపడితే సలాం కూడా మానేశామంటారు. ఆ ఆఫీసరు ఎవరు, ఈ నరసమ్మ ఎవరు?"

ఆయన నవ్వారు. లోపలున్న భార్యకు వినబడేలా, "ఇన్నావేటి, మాస్టారు కొత్త డిక్స్‌నరీ తెచ్చినారు! మీదోడికి సేస్తే బాయికాటంట, కిందోల్లకి సేస్తే వెలంట!" అన్నారు.

"నిన్నటి నుంచి వెతుకుతున్న వాక్యం ఇదే, సూర్యనారాయణగారూ," అని లేచాను. "శనివారం బోర్డు మీద రాస్తాను. ఎవరి వాక్యమో కూడా రాస్తాను."

"రాయండి, రాయండి. సదవడానికి ఎవులుంటారో సూద్దాం," అన్నారు.

అక్కడి నుంచి నేరుగా నరసమ్మ క్వార్టర్‌కు వెళ్ళాను. ఆమె లోపలికి రమ్మంది. నేను వీధి వరండాలో కుర్చీ వేయించుకుని, మంచినీళ్ళు అడిగి తాగాను. ఇందులో సాహసం లేదు. నాది ఆ కులం కాదు, ఆ వెలి నన్ను అంటదు. వీధి చూడాలన్నదే నా ఉద్దేశం. వీధి చూసింది.

నరసమ్మ సన్నగా, పొడుగ్గా ఉండే మనిషి. మాట్లాడేటప్పుడు చేతులు కట్టుకునేది.

"ఎందుకొచ్చినారు మాస్టారూ? ఇంకో పది దినాల్లో ఎల్లిపోయేవోల్లం."

"ఎవరు పొమ్మన్నారు?"

"ఎవులూ పొమ్మన్నేదు. అదే గదా. ఎవులూ ఏటీ అననేదు." ఆమె నవ్వలేదు. "తిడితే తిట్టొచ్చు బాబూ. మాటే లేకపోతే దేనికని జవాబు సెప్తాం?"

కార్ఖానాలో ఎలా ఉందని అడిగాను. టూల్ రూము పద్ధతి ఆమే వివరించింది. ప్రతి పనివాడికీ నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళలు కొన్ని ఉంటాయి. వాటిని టోకెన్లు అంటారు. ఒక టోకెన్ ఇస్తే ఒక పనిముట్టు, పనిముట్టు తిరిగి ఇస్తే టోకెన్. బ్రిటన్ కార్ఖానాల నుంచి వచ్చిన పద్ధతి అది. తెలుగు పనివాళ్ళు ఆమె కిటికీ దగ్గరకు వచ్చి, టోకెన్ ఆమె చేతికివ్వకుండా బల్ల మీద పడేసి, కావలసిన దాన్ని వేలితో చూపిస్తారు. ఆమె తెచ్చి బల్ల మీద పెడితే తీసుకుని పోతారు. ఒక్క మాట ఉండదు.

"చూపించి తీసుకోవడం అక్కడి రూలేనా?"

"కాదండి. బోర్డు మీద రాసున్నాది. నంబరు నోటితో సెప్పాల, సామాను పేరు సెప్పాల. నాను అదే మాట తిరగ సెప్పి సేతికియ్యాల. ఒకటికి బదులొకటి ఎల్లిపోకుండా."

"మరి నోరు విప్పనివాళ్ళకు ఎందుకిస్తున్నారు?"

"ఇయ్యకపోతే గోల సేస్తారు గదండీ."

ఆ మాట అనేసి ఆగిపోయింది. తన మాట తనకే వినబడినట్టుంది. కట్టుకున్న చేతులు విడివడ్డాయి. "గోల సెయ్యాలన్నా నోరిప్పాల గదా, మాస్టారూ!" అని నవ్వింది. లోపలి నుంచి రత్నం పరుగున వచ్చింది, తల్లి నవ్వు విని చాలాకాలమైనట్టు.

ఇంతకుమించి నేను ఏమీ చెప్పలేదు. ఆ ఐర్లాండు ఏజెంటుకు చట్టం ఉంది, సైన్యం ఉంది, పని చేసే చెయ్యి ఒక్కటీ లేదు. ఈమెకు ఒక్క కిటికీ ఉంది, ఆ కిటికీలోంచి చెయ్యి రానిదే ఎవరి పనీ సాగదు. వరండా మెట్లు దిగుతూ ఈ పోలిక నాకు తోచింది గానీ ఆమెకు చెప్పలేదు. ఆమెకు అవసరం లేదు.

ఆమె మరునాడే ఏమీ చేయలేదు. ఆ వారమంతా పనివాళ్ళు వేలితో చూపిస్తూనే ఉన్నారు, ఆమె ఇస్తూనే ఉంది.

శనివారం చివరి పీరియడ్‌కు వెళ్ళేసరికి క్లాసు దాదాపు ఖాళీగా ఉంది. నూకరత్నం ఉంది. కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన క్రైస్తవ కుటుంబాల పిల్లలు, ఆ పెద్దల మాట కిందకు రాని మరికొందరు ఉన్నారు. మిగతావాళ్ళు మధ్యాహ్నం గంట కాగానే ఇళ్ళకు వెళ్ళిపోయారు. ఎవరి ఆజ్ఞో అడగనక్కరలేదు.

వచ్చినవాళ్ళు లేచి ముందు బెంచీలకు రాబోయారు. "ఎవరి స్థానంలో వాళ్ళు కూర్చోండి," అన్నాను. ఖాళీలు ఖాళీలుగానే ఉండాలి. రిజిస్టరు తెరిచి మొదటి పేరు నుంచి చివరి పేరు వరకూ పిలిచాను. లేనివాడి పేరు పిలిచి, జవాబు కోసం ఎప్పుడూ ఆగేంతసేపు ఆగి, ఆబ్సెంట్ అని పైకి చెప్పి తరువాతి పేరుకు వెళ్ళాను. ఒక్క పేరూ దాటవేయలేదు. ఈశ్వరరావు పేరు దగ్గర కూడా అంతే ఆగాను. ఇది కోపంతో చేసినది కాదు. లేని మనిషిని లేడని పైకి చెప్పడం హాజరులో భాగం.

తరువాత పాఠం చెప్పాను. నిండు క్లాసుకు చెప్పే గొంతుతోనే చెప్పాను. నా లెసన్ ప్లాన్‌లో మొదటి వాక్యం సూర్యనారాయణగారిదే. కానీ పిల్లలు గైరుహాజరైన పూట ఆ వాక్యం రాయడం వాళ్ళ వెనుక మాట్లాడడం అవుతుందనిపించి, దాన్ని ఆపుకున్నాను. ఐర్లాండు కథలో నేను మొదటిసారి చెప్పని భాగం చెప్పాను. ఆ ఆయుధం భూస్వాముల మీద నుంచి మెల్లగా చిన్నవాళ్ళ మీదకూ తిరిగింది. కొన్నిచోట్ల వెలిపడ్డ ఇంటి బిడ్డ బడికి వస్తే మిగతా పిల్లలు లేచి బయటకు నడిచారని చదివాను.

నూకరత్నం చుట్టూ ఉన్న బెంచీలను ఒకసారి చూసింది. "ఆ బిడ్డ మల్లీ బడికొచ్చినాదా అండీ?" అని అడిగింది.

"పుస్తకంలో లేదు," అన్నాను. అంతకన్నా తెలిసినట్టు చెప్పడం చరిత్ర కాదు.

ఆ సాయంత్రం రత్నం ఇంటికి వెళ్ళి తల్లితో అన్న మాట తరువాత నరసమ్మ నోట విన్నాను. "మాస్టారు లేనోల్లందరి పేర్లూ పిలిసినారమ్మా. ఒక్కటీ ఒగ్గనేదు." అప్పుడు తాను అనుకున్నదట, "ఆయన లేనోల్లని పిలవగలిగితే నాను ఎదురుగున్నోల్లని అడగనేనా" అని.

సోమవారం జరిగినదానికి నేను సాక్షిని కాను. నరసమ్మ చెప్పినదీ, కార్ఖానాలోని ఆ విభాగం, అంటే ఆ షాపు, చూసే బెంగాలీ ఫోర్‌మన్ నాకు విడిగా చెప్పినదీ పక్కపక్కన పెట్టి, రెండింటిలోనూ ఉన్నదే ఇక్కడ రాస్తున్నాను. చరిత్రలో దీన్ని సోర్సులను సరిపోల్చడం అంటారు.

ఉదయం మొదటగా వచ్చినవాడు టోకెన్ బల్ల మీద పడేసి డ్రిల్లు వైపు వేలు చూపించాడు. నరసమ్మ కదలలేదు.

"నంబరు?"

వాడు మళ్ళీ చూపించాడు.

"నంబరు నోటితో సెప్పాల. సామాను పేరు సెప్పాల."

వెనుక వరుస పెరిగింది. ఒకడు పక్కనున్న బెంగాలీ పనివాడితో, "దాదా, మేరా బోల్ దో న," అని, తన నంబరు చెప్పిపెట్టమన్నాడు. నరసమ్మ వేలు అడ్డంగా ఆడించింది. "ఎవలి టోకెన్ ఆలే సెప్పాల." బెంగాలీలు, బీహారీలు నంబరు చెప్పి సామాన్లు తీసుకుని వెళ్ళిపోతున్నారు. తెలుగువాళ్ళు నిలబడే ఉన్నారు. ఎవడైనా నోరు తెరిస్తే వెలి వాడి ఇంటికి వస్తుంది. తెరవకపోతే ఆ పూట పని లేదు. వరుస చూసి ఫోర్‌మన్ వచ్చాడు.

"కీ హొలో, దీదీ? కామ్ బంద్ క్యోం?" పని ఎందుకు ఆగిందని అడిగాడు.

ఆమె బోర్డు చూపించింది. ఆయన చదివాడు. ఆయనకు వెలి సంగతి తెలియదు, తెలుసుకునే ఆసక్తీ లేదు. ఆయనకు పని జరగాలి. "ఠీక్ తో హై. రూల్ హై. బోలో, సామాన్ లో," అని, రూలు ప్రకారం చెప్పి తీసుకోమని వరుసను చూసి అరిచి వెళ్ళిపోయాడు.

సూర్యనారాయణగారి జట్టు మొత్తం ఆ వరుసలోనే ఉంది. అవతల విప్పవలసిన బోగీ అలాగే నిలబడి ఉంది. జట్టు పని ఆగితే జవాబు చెప్పవలసినవాడు చార్జ్‌మన్. చివరికి ఆయనే వచ్చారు. వరుస తప్పుకుని దారి ఇచ్చింది. ఆయన టోకెన్ బల్ల మీద పెట్టారు. ఆమె దాన్ని చూడలేదు, ఆయన ముఖం చూసింది.

చాలాసేపటికి ఆయన తన నంబరు చెప్పారు. "పెద్ద రించి," అన్నారు, గొంతులోనే.

"ఇనపడనేదు బావా," అంది నరసమ్మ. ఆమె భర్తకు ఆయన వరసకు అన్న.

వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన వెనక్కి తిరిగి ఒక చూపు చూసి, మళ్ళీ కిటికీ వైపు తిరిగి, ఈసారి షాపంతా వినబడేలా, "పెద్ద రించియ్యి, నర్సమ్మా!" అన్నారు.

ఆమె నంబరు తిరిగి చెప్పింది, పనిముట్టు పేరు తిరిగి చెప్పింది. రించి తెచ్చి బల్ల మీద పెట్టలేదు, చేతులు చాచి అందించింది. "రెండు సేతులా పట్టుకో బావా. బరువున్నాది."

పుచ్చుకున్నారు.

ఆ తరువాత వరుస కదిలింది. ఒక్కొక్కరూ నంబరు చెప్పి, పేరు చెప్పి, చేతితో తీసుకున్నారు. కులపెద్ద స్వయంగా మాట్లాడిన తరువాత వెలి మిగలదు. మిగిలితే అది ముందుగా ఆయన ఇంటికే వర్తించాలి. "కార్ఖానా మాట కార్ఖానాదే, కాలనీ మాట కాలనీదే" అని ఆయన సాయంత్రం సర్దిచెప్పబోయారట. ఆ సర్దుబాటు కుళాయి దగ్గరే తేలిపోయింది. నరసమ్మ బిందె పెడితే పక్క బిందె జరగలేదు. అంతా సవ్యంగా ముగిసిందని మాత్రం నేను రాయను. మరిది ఇంటివాళ్ళు మళ్ళీ ఎన్నడూ మాట్లాడలేదు. కొందరు ముసలివాళ్ళు తల తిప్పుకునే పోయారు. కానీ నరసమ్మ రాజీనామా ఇవ్వలేదు, రత్నం పరీక్ష రాసింది.

మూడో శనివారం క్లాసు నిండింది. ఈశ్వరరావు, "ప్రెజెంట్ సార్" అని మామూలుకన్నా గట్టిగా చెప్పాడు. బోర్డు మీద రాశాను: పైవాడికి చేస్తే బాయ్‌కాట్, కిందివాళ్ళకు చేస్తే వెలి. కింద, శ్రీ సూర్యనారాయణగారి మాట అని రాశాను. ఈశ్వరరావు చెవులు ఎర్రబడ్డాయి. నూకరత్నం లేచింది.

"మాస్టారూ, ఐర్లాండులో ఆ బడి పిల్లకి సేసినాది బాయికాటే అన్నారు గదండీ. ఆ పిల్ల పైదా, కిందదా?"

"కిందదే."

"మరి ఆ బోర్డు మీద మాట సరిపోదండీ."

సరిపోదు. పేరేదైనా, మౌనం ఎవరి మీద పడుతోందో ప్రతిసారీ చూడాలని దాని కింద రాసి, మొదటి శనివారం నేను వెలి అని రాసినచోట పిల్లలను తమ నోట్సులో ఖాళీ వదలమన్నాను. బాయ్‌కాట్‌కు సరైన తెలుగు మాట కోసం ఆ ఖాళీ నా నోట్సులో ఇప్పటికీ ఉంది.

కొంతకాలానికి సూర్యనారాయణగారు బజారులో ఎదురై, "మాస్టారూ, మీ ఐర్లాండు మా టూల్ రూముకొచ్చేసినాది," అన్నారు. "బ్రిటన్ నుంచి టోకెన్లు ముందే వచ్చాయి, సూర్యనారాయణగారూ," అన్నాను. ఇద్దరం నవ్వుకోలేదు గానీ నమస్కారాలు చేసుకున్నాం.

1996లో రిటైరయ్యే ముందు అనుమతి తీసుకుని ఆ టూల్ రూము చూడడానికి వెళ్ళాను. నరసమ్మ తల నెరిసింది. కిటికీ అవతల నుంచి నన్ను గుర్తుపట్టి కూడా, గుర్తుపట్టనట్టు నిలబడింది.

"నంబరు?"

"నాకు నంబరు లేదు."

"అయితే పేరు సెప్పండి మాస్టారూ. నోటితో."

పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా, క్లాసులో నిలబడినట్టు నిలబడి చెప్పాను. ఆమె తిరిగి చెప్పింది.

ఈ ఉదంతం నాకు నేర్పినది ఒక్కటే. మౌనంతో శిక్షించేవాళ్ళకు అందరి మౌనమూ కావాలి. దాన్ని భరించేవాళ్ళకు, నోరు తెరవక తప్పని ఒక్క చోటు దొరికితే చాలు. ఆ చోటు నరసమ్మ దగ్గర ముందు నుంచే ఉంది. నేను ఒక ప్రశ్న అడిగాను, ఒక హాజరు పిలిచాను. వెలిని తీసినది నేను కాదు.

ఇందులో ఐర్లాండు చరిత్రను జ్ఞాపకం మీద ఆధారపడి రాశాను. కార్ఖానా పద్ధతి పరాయివాడిగా విన్నది. ఆ రోజుల్లో ఆ వరుసలో నిలబడినవాళ్ళు ఇంకా ఉన్నారు. పొరపాట్లు ఉండే ఉంటాయి. పాఠకులకు నా మనవి ఇది. తప్పు కనబడితే వేలితో చూపించి ఊరుకోవద్దు. మీరెవరో చెప్పండి, ఏది తప్పో నోటితో చెప్పండి. నేను తిరిగి అదే మాట పలికి దిద్దుకుంటాను.